అటక మీది అమెరికన్ క్యాంటీన్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో పాత అమెరికన్ ఆర్మీ సామాను గురించి రెండు పేరాలు రాశాను. సామాను అంటే తుపాకులు, పతకాలు కాదు, సైనికుడు నడుముకీ భుజానికీ తగిలించుకుని తిరిగే నీళ్ల సీసా, బెల్టు, సంచి, అన్నం పళ్లెం లాంటివి. మీ దగ్గర ఏమైనా ఉంటే ఫొటో పంపమన్నాను. ఇన్ని వస్తాయని అనుకోలేదు, అందులోనూ సగానికి పైగా విజయవాడ, గుంటూరు నుంచే. జవాబుల్లోకి వెళ్లే ముందు అందరికీ కలిపి ఒక మాట, ఎందుకంటే చాలా ఫొటోల్లో అప్పటికే ఆలస్యమైపోయింది: దొరికిన వస్తువుని దయచేసి తోమకండి. దాని మీద ముద్ర ఎక్కడుందో చూసి, చదివి, ఫొటో తీసే దాకా తడిగుడ్డ కూడా పెట్టకండి.

ప్రశ్న: మా తాతయ్య యుద్ధం రోజుల్లో అస్సాంలో పనిచేశారని ఇంట్లో చెప్పుకుంటారు. మొన్న పాత ఇల్లు పడగొట్టే ముందు అటక ఖాళీ చేస్తుంటే ట్రంకు పెట్టెలో ఒక నీళ్ల సీసా దొరికింది, బట్ట తొడుగుతో సహా. మా అన్నయ్య ఇది బ్రిటిష్ వాళ్లది అంటున్నాడు, నాకేమో అమెరికాది అనిపిస్తోంది. ఎవరు చెప్పేది నిజం? (ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: మీరు చెప్పేదే నిజమమ్మా. మీ అన్నయ్య అలా అనుకోవడంలోనూ తప్పేం లేదు, ఆ రోజుల్లో మన దేశంలో ఎక్కువ కనిపించింది బ్రిటిష్ సీసానే. అది ఇనుముతో చేసి నీలం ఎనామిల్ పూసిన సీసా, చుట్టూ ఖాకీ రంగు ఫెల్టు గుడ్డ వేసి కుట్టేస్తారు, మూతికి బిరడా ఉంటుంది, ఆ బిరడా పోకుండా దారం కడతారు. మీరు పంపిన దానిలో ఇవేవీ లేవు. మీది అల్యూమినియం. పైనుంచి చూస్తే జీడిపప్పులా ఒక పక్క లోపలికి వంగి ఉంది, నడుముకి ఆనుకుని కదలకుండా ఉండటానికి అలా చేశారు. మూత నల్లటి ప్లాస్టిక్‌ది, మరతో బిగించేది, దాన్ని సీసా మెడకి కలుపుతూ సన్నటి గొలుసు ఉంది. అమెరికన్ సైన్యంలో దీన్ని క్యాంటీన్ అంటారు. మన క్యాంటీన్ టిఫిన్లు పెట్టే చోటు కదా, అందుకే ఉత్తరాల్లో కొంతమంది తికమక పడ్డారు.

మూడో ఫొటోలో సీసా కింది భాగంలో అచ్చు కనిపిస్తోంది: యు.ఎస్., దాని కింద ఏ.జి.ఎం. కో., దాని కింద 1942. ఏ.జి.ఎం. అంటే అల్యూమినియం గూడ్స్ మాన్యుఫ్యాక్చరింగ్ కంపెనీ, విస్కాన్సిన్ రాష్ట్రంలో మానిటోవాక్ అనే ఊరిది, వంటగిన్నెలు చేసే కంపెనీ. ఈ సీసా డిజైన్ 1910 నాటిది, అందుకే సేకరించేవాళ్లు ఎం-1910 అంటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇదే, రెండోదాంట్లోనూ ఇదే. కాకపోతే మొదటి యుద్ధం నాటి వాటికి మూత కూడా అల్యూమినియమే, పైన బల్లపరుపుగా ఉంటుంది, నల్ల ప్లాస్టిక్ మూత రెండో యుద్ధం నాటి మార్పు. 1942లో ఇంకో చిక్కొచ్చింది: అల్యూమినియం అంతా విమానాలకి కావాలి. దాంతో ఎనామిల్ సీసాలు చేసి చూశారు, కాస్త దెబ్బ తగిలితే పెచ్చులూడిపోయేవి. ప్లాస్టిక్‌తో చేసి చూశారు. చివరికి స్టెయిన్‌లెస్ స్టీల్ నిలబడింది. కాబట్టి మీ దగ్గర ఉన్న అల్యూమినియం 1942 అంటే సరిగ్గా ఆ మలుపు దగ్గరి వస్తువు. అందరి అటకల మీదా దొరికేది కాదు, జాగ్రత్తగా ఉంచుకోండి.

తొడుగు గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు, నిజానికి సీసా కంటే అదే ఎక్కువ చెబుతుంది. కాన్వాస్ గుడ్డ, లోపల ఫెల్టు అస్తరు, పైన రెండు రెక్కలు, రెక్కలకి టిచ్ బటన్లు. లోపలి ఫెల్టుని తడిపితే మన కూజాకి తడిగుడ్డ చుట్టినట్టు నీళ్లు చల్లగా ఉంటాయి. ఆ టిచ్ బటన్ మామూలుది కాదు, ఒకసారి చేత్తో పట్టుకుని చూడండి: మూడు వైపుల నుంచి లాగితే రాదు, నాలుగో వైపు చిన్న చుక్క ఉంటుంది, అటు నుంచి ఎత్తితేనే ఊడుతుంది. లిఫ్ట్-ద-డాట్ అని దాని పేరు. తొడుగు వెనక వంచిన ఇనుప తీగ కొక్కెం జంటగా ఉంటుంది, బెల్టుకి ఉన్న ఇత్తడి రింగుల కన్నాల్లోకి దాన్ని దూర్చి వేలాడదీస్తారు. బెల్టుకి కింది అంచున వరసగా కన్నాలు, సామానుకి వెనక తీగ కొక్కెం, ఈ జత కనిపిస్తే అది అమెరికన్ పద్ధతి. బ్రిటిష్ సామానుకి నవారు పట్టీలు, ఇత్తడి బకిళ్లు ఉంటాయి, మూడు గీతల బాణం ముద్ర కూడా ఉంటుంది. తొడుగు లోపలి వైపు సిరా ముద్ర కోసం చూడండి. మసగ్గా ఉంటే గది చీకటి చేసి ఫోన్ టార్చిని పక్క నుంచి ఏటవాలుగా వేయండి, ఫొటోని బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి. జె.క్యూ.ఎం.డి. అని ఉంటే అది ఇండియానా రాష్ట్రంలోని జెఫర్సన్‌విల్ సైనిక డిపో.

ఇక తాతయ్యగారి సంగతి. 1942లో బర్మా జపాన్ చేతిలోకి వెళ్లాక చైనాకి సామాను పంపే దారి మూసుకుపోయింది. అప్పుడే అమెరికన్లు అస్సాంలో దిగారు. చాబువా లాంటి విమానాశ్రయాల నుంచి హిమాలయాల మీదుగా సరుకు మోశారు, లేదో అనే ఊరి నుంచి బర్మా అడవుల్లోకి రోడ్డు వేశారు, ఆ రోడ్డు మీద మొదటి కాన్వాయ్ 1945 ఫిబ్రవరిలో కున్‌మింగ్ చేరింది. తాతయ్య ఆ రోజుల్లో అక్కడ ఉంటే ఈ సీసా ఆయన చేతికి రావడం పూర్తిగా సాధ్యమే. అయితే సీసా మీది 1942 తయారైన సంవత్సరం మాత్రమే, ఆయన చేతికి ఎప్పుడొచ్చిందో అది చెప్పదు. యుద్ధం అయిపోయాక అమెరికన్లు వదిలేసిన సరుకు మన దేశంలోనే అమ్ముడుపోయింది, డిస్పోజల్ సరుకు అని పెద్దవాళ్లు చెప్పేది అదే, అందులో కొన్నదైనా కావచ్చు. వస్తువుని ఎంత తిప్పి చూసినా ఈ తేడా తేలదు, మనుషుల్ని అడిగితేనే తేలుతుంది. మీ నాయనమ్మగారు ఉన్నారని రాశారు కదా, ఈ ఆదివారమే కూర్చుని అడగండి. ఏ ఊళ్లో పనిచేశారు, ఎవరి కింద, ఎప్పుడు తిరిగొచ్చారు, సీసా ఇంట్లో ఎప్పటినుంచి ఉంది, ఆవిడ ఎలా చెబితే అలాగే పెన్సిల్‌తో కాగితం మీద రాసి, తేదీ వేసి, సీసాతో పాటే పెట్టండి. నేను పాతికేళ్లుగా ఈ సామాను చూస్తున్నాను, కాగితం లేని సీసాలు వందలు చూశాను, కాగితం ఉన్నవి నాలుగైదు కూడా లేవు.

అందులో నీళ్లు పోసుకుని మాత్రం తాగకండి.

ప్రశ్న: మా అక్క న్యూజెర్సీ నుంచి ఒక చిన్న ఆర్మీ బ్యాగ్ పంపింది, అక్కడ పాత సామాను సంతలో కొన్నది. రెండో ప్రపంచ యుద్ధం నాటిదని అమ్మినాయన చెప్పాడట. లోపల డి.ఎస్.ఏ.-100-68-సి అని మొదలయ్యే నంబరు ఉంది. ఇది ఏ సంవత్సరందో తెలిసే మార్గం ఉందా సార్? (ఇంజినీరింగ్ విద్యార్థి, మొగల్రాజపురం, విజయవాడ)

జవాబు: ఉంది, నువ్వు రాసిన నంబరులోనే ఉంది. డి.ఎస్.ఏ. అంటే డిఫెన్స్ సప్లై ఏజెన్సీ. అది పుట్టిందే 1961లో. కాబట్టి ఈ మూడక్షరాలు ఉన్న ఏ వస్తువూ రెండో ప్రపంచ యుద్ధంది కాదు, ఎవరు ఎంత ఒట్టేసి చెప్పినా కాదు. ఆ తర్వాత ఉన్న 68, కాంట్రాక్టు ఇచ్చిన ఆర్థిక సంవత్సరం. అంటే నీ బ్యాగు 1968 నాటిది, వియత్నాం యుద్ధం మంచి ఊపులో ఉన్నప్పటిది. 1977లో ఆ సంస్థ పేరు డిఫెన్స్ లాజిస్టిక్స్ ఏజెన్సీగా మారింది, అక్కణ్నుంచి ముద్రల్లో డి.ఎస్.ఏ. పోయి డి.ఎల్.ఏ. వచ్చింది. అప్పుడు కూడా మధ్యలో ఉన్న రెండంకెలే సంవత్సరం.

ఇంకో నంబరు కూడా ఉండాలి, 8465తో మొదలయ్యేది, అది స్టాక్ నంబరు. దాని అంకెలు లెక్కపెట్టు. మొత్తం 11 అంకెలుంటే 1974కి ముందు పద్ధతి, 13 ఉంటే ఆ తర్వాతది. కొత్త పద్ధతిలో మొదటి నాలుగంకెల తర్వాత ఇంకో రెండంకెలు చేరాయి, అంతే తేడా. కాంట్రాక్టు నంబరు చెరిగిపోయిన సంచులకి ఈ లెక్క బాగా పనికొస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధం వాటికి ఇంత పొడుగు నంబర్లు ఉండవు, తయారీదారు పేరు, సంవత్సరం, అంతే. రంగు చూసి కూడా కొంత పోల్చుకోవచ్చు. యుద్ధం మొదట్లో గడ్డి ఎండినట్టుండే లేత ఖాకీ, దాన్ని ఓ.డి. 3 అంటారు, ఓ.డి. అంటే ఆలివ్ డ్రాబ్. 1943, 44 ప్రాంతంలో ముదురు ఆకుపచ్చకి మారారు, అది ఓ.డి. 7. మారే మధ్యకాలంలో ఉన్న గుడ్డ పారేయకుండా వాడేశారు, అందుకే ఒంటికి ఒక రంగు, అంచు పట్టీకి ఇంకో రంగు ఉన్న సంచులు దొరుకుతాయి. ఎవరో అతుకేశారని అనుకుంటారు గానీ అవి ఫ్యాక్టరీ నుంచే అలా వచ్చాయి, నాకు అన్నిటికంటే ఇష్టమైనవి అవే. 1956లో మొత్తం పద్ధతే మారింది, పాత తీగ కొక్కెం పోయి బెల్టుని కరిచి పట్టుకునే ఇనుప క్లిప్పు వచ్చింది. నీ బ్యాగు వెనక చూడు, అదే ఉంటుంది. 1967లో అడవి తేమకి నానిపోని నైలాన్ సామాను మొదలైంది, 1970ల మధ్యకి వచ్చేసరికి ఆలిస్ అనే పూర్తి నైలాన్ సెట్టు వచ్చింది. నీది కాన్వాస్ కాబట్టి పాత 1956 కుటుంబంలోది. బెంగ పడకు, యుద్ధం వేరైనా వస్తువు అసలుదే.

ప్రశ్న: ఇత్తడి బకిల్ ఉన్న పాత అమెరికన్ నవారు బెల్టు మావారికి వాళ్ల బాబాయిగారు ఇచ్చారు. మురికిగా ఉందని మా అత్తగారు చింతపండుతో తోమి సర్ఫ్‌లో నానబెట్టారు. ఇప్పుడు బకిల్ తళతళలాడుతోంది కానీ బెల్టు తెల్లగా వెలిసిపోయింది. మావారు రెండ్రోజులు మాట్లాడలేదు. ఏమైనా చేయొచ్చా? (లబ్బీపేట, విజయవాడ)

జవాబు: మీ అత్తగారిని ఏమీ అనకండి, మన ఇళ్లలో ఇత్తడి కనిపిస్తే చేతులు వాటంతట అవే చింతపండు కోసం వెళ్తాయి. మా ఇంట్లోనూ ఇదే జరిగింది. ఆటోనగర్‌లో ఒక పాత జీపు సీటు కింద దొరికిన పిస్టల్ బెల్టు, ఎం-1936 అంటారు, ఇంటికి తెచ్చి దండెం మీద వేశాను. పండక్కి వచ్చిన మా అక్క ప్రేమతో తోమిపెట్టింది. రింగులు, కొసలు అన్నీ బంగారంలా మెరిశాయి. ఆ ఇత్తడి మీద ఫ్యాక్టరీలో వేసిన నల్ల పూత ఉండేది, ఎండలో మెరిసి శత్రువుకి కనబడకూడదని వేసిన పూత, అది మొత్తం పోయింది. లోపలి వైపు సిరా ముద్ర నేను అప్పటికి సగమే చదివాను, మిగతా సగం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ బెల్టు చూసినప్పుడల్లా బాధేస్తుంది, అయినా ఇవ్వను.

ఇప్పుడు చేయగలిగింది తక్కువే. రంగు మళ్లీ వేయించకండి, బకిల్‌కి నల్ల పెయింట్ అసలు వద్దు, అది ఇంకో అబద్ధం అవుతుంది. ఇత్తడి నెమ్మదిగా దానంతట అదే మసకబారుతుంది, వదిలేయండి. ఒకవేళ సబ్బు సరిగ్గా పోలేదనిపిస్తే ఒక్కసారి మామూలు నీళ్లలో జాడించి నీడలో బల్లపరుపుగా ఆరేయండి, పిండకండి.

మిగతావాళ్లు కూడా వినండి, మన ఊళ్ల వాతావరణం ఈ సామానుకి పడదు. రోహిణి కార్తె ఎండకి నవారు పెళుసెక్కుతుంది, తర్వాత వానలు పడితే బీరువాలోనే బూజు పడుతుంది. ప్లాస్టిక్ కవర్లో మూటగట్టి పెట్టడం అన్నిటికంటే పెద్ద పొరపాటు, లోపల చెమట పట్టినట్టు తేమ చేరుతుంది. పాత కాటన్ చీర ముక్కలో వదులుగా చుట్టి, కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేసి పెట్టండి. ఫెల్టు, ఉన్ని ఉన్నవాటికి కలరా ఉండలు చిన్న గుడ్డలో కట్టి పక్కన పెట్టాలి, నేరుగా తగలకూడదు. మడత పెట్టిన చోట ముందు చిరుగుతుంది, కాబట్టి ఆరు నెలలకోసారి తీసి మడత మార్చండి. దుమ్ముకి పొడి బ్రష్ చాలు. బూజుకి నీడ, గాలి, తర్వాత అదే బ్రష్, ముక్కుకి గుడ్డ కట్టుకుని.

ప్రశ్న: ఇన్‌స్టాలో ఒకతను 1944 నాటి అమెరికన్ ఆఫీసర్ సంచి అని అమ్ముతున్నాడు. ముద్ర చాలా స్పష్టంగా ఉంది, అదే నాకు అనుమానం. నకిలీలు కూడా ఉంటాయా? (పట్నంబజారు, గుంటూరు)

జవాబు: బోలెడు. అయితే నకిలీ అన్నదంతా మోసం చేయడానికే తయారు చేసింది కాదు. యుద్ధ సన్నివేశాల్ని వేషం వేసి ప్రదర్శించేవాళ్లు, సినిమా వాళ్లు వాడుకోవడానికి కొత్తగా కుట్టి, కొత్తదనే చెప్పి అమ్మే తయారీదారులు చాలామంది ఉన్నారు. చేతులు మారేకొద్దీ ఆ మాట పోతుంది, ఎవరో ఒకరు దాన్ని టీ డికాక్షన్‌లో ముంచి ఆరేసి పాతది చేస్తారు. అక్కడ మొదలవుతుంది మోసం.

టీ రంగు అంతటా ఒకేలా పడుతుంది. నిజంగా వాడి వెలిసిన సంచి అలా ఉండదు: రెక్క ఎత్తి చూస్తే దాని కింద పాత రంగు ముదురుగా నిలిచి ఉంటుంది, పట్టీ ఒరుసుకున్న చోట నూలు పైకి లేచి ఉంటుంది, బకిల్ తగిలిన చోట చిలుము మరక ఉంటుంది. ఈ మూడూ చూపించే ఫొటోలు అడగండి, ఇవ్వనంటే వదిలేయండి.

చేతికొచ్చాక రెండు పరీక్షలున్నాయి. మొదటిది, బట్టల కొట్టులో దొంగ నోట్లు పట్టుకునే ఊదారంగు లైటు ఉంటుంది కదా, దాని కింద కుట్టు దారం చూడండి. ఇప్పటి దారం చాలావరకు తెల్లగా నీలంగా మెరిసిపోతుంది, పాత నూలు దారం మెరవకుండా చీకట్లోనే ఉండిపోతుంది. కానీ పాత సంచినే ఈ మధ్య ఎవరైనా సర్ఫ్ పెట్టి ఉతికి ఉంటే అదీ మెరుస్తుంది, పౌడర్‌లో బట్టల్ని తెల్లగా చూపించే రసాయనం ఉంటుంది. అందుకే ఇది ఒక్కటే నమ్ముకోకూడదు. రెండోది, లోపలి కుట్టు మడతలోంచి ఒక్క దారప్పోగు లాగి నిప్పు చూపించండి. గుంటూరు వాళ్లకి నేను పత్తి గురించి చెప్పడమేంటి, నూలయితే కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది, సింథటిక్ అయితే ముడుచుకుని చివర గట్టి పూసలా తయారవుతుంది. 1944 నాటి కాన్వాస్ సంచి కుట్లలో ఆ పూస కనిపిస్తే అనుమానించాల్సిందే. ఆ యుద్ధంలో నైలాన్ లేదని కాదు, పారాచూట్లకి వాడారు, సంచి కుట్టడానికి నూలే.

మీరు పంపిన ఫొటో చూశాను. ముద్ర స్పష్టంగా ఉండటం ఒక్కటే నేరం కాదు, గోడౌన్‌లో వాడకుండా ఉండిపోయిన సంచులకి అలాగే ఉంటుంది. కానీ ముద్ర కొత్తగా ఉండి, గుడ్డ మాత్రం ముప్పై ఏళ్లు వానలో తడిసినట్టు ఉంటే ఆ రెండూ పొసగవు. మీ ఫొటోలో అదే ఉంది. నేనైతే కొనను.

ప్రశ్న: మా మావయ్య దగ్గర యు.ఎస్. ఆర్మీ అని చెక్కిన ఇత్తడి కాంపాస్ ఉంది, చెక్క పెట్టెలో. ఇంకొకటి ఆకుపచ్చ పెయింట్ వేసింది, మూత తెరిస్తే చిన్న అద్దం, అంకెల మీద పసుపు పచ్చ పూత. రెండిట్లో ఏది అసలైనది? (తెనాలి)

జవాబు: ఆకుపచ్చది. మెరిసే ఇత్తడి, చెక్క పెట్టె, పైన అందంగా చెక్కిన పేరు, ఇవి అలంకారం కోసం మన దేశంలోనే ఉత్తరాదిలో తయారయ్యే సరుకు, చూడ్డానికి బాగుంటాయి, టేబుల్ మీద పెట్టుకోమనండి. సైన్యం వాడిన మడత కాంపాస్ మెరవకుండా పెయింట్ వేసి ఉంటుంది, అంకెలు చదవడానికి చిన్న భూతద్దం ఉంటుంది, అందుకే లెన్సాటిక్ అంటారు.

ఇప్పుడు అసలు విషయం, మీ మావయ్యగారికి ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి. రెండో ప్రపంచ యుద్ధం నాటి కాంపాసుల్లో చీకట్లో మెరిసేందుకు పూసింది రేడియం. ఇప్పుడు మెరవడం లేదు కాబట్టి దాని బలం అయిపోయిందని చాలామంది అనుకుంటారు. అయిపోయింది రేడియం కాదు, దాంతో కలిపిన మెరిసే పొడి. రేడియం సగానికి తగ్గడానికే 1600 ఏళ్లు పడుతుంది. గాజు బిగుతుగా ఉండి, మూసి ఉన్నంత వరకు ఒక అరలో దూరంగా పెట్టుకోవచ్చు. ఊడదీయడం, పూతని గోకడం, పగిలిన గాజు మార్చడం, పిల్లలకి ఆడుకోవడానికి ఇవ్వడం, ఇవేవీ చేయకూడదు. ఆ పొడి ఊపిరితో గానీ నోటితో గానీ లోపలికి పోతే పెద్ద ప్రమాదం. పడుకునే గదిలో వద్దు, ముట్టుకుంటే చేతులు కడుక్కోండి. గాజు ఇప్పటికే పగిలి ఉంటే దాన్ని వట్టి చేతులతో ముట్టుకోకుండా రెండు కవర్లలో మూసి పెట్టి నాకు రాయండి. తర్వాతి కాలం కాంపాసుల్లో ట్రిటియం వాడారు, దాని సగం ఆయుష్షు పన్నెండేళ్ల చిల్లర, అవి పాతబడితే దాదాపు ఆరిపోయినట్టే.

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్ నుంచి సంక్రాంతికి వస్తూ తూటాల బెల్టు, బాయినెట్ (తుపాకీ చివర బిగించే కత్తి) తెస్తానంటున్నాడు. తేవచ్చా? (తాడేపల్లి)

జవాబు: బెల్టు తేవచ్చు, కానీ సూట్‌కేస్ సర్దే ముందు ప్రతి జేబులో వేలు పెట్టి చూడమనండి. ఎం-1923 బెల్టుకి పది జేబులుంటాయి, ఒక్కోదాంట్లో ఎనిమిది తూటాల క్లిప్పు పట్టేది. అడుగున ఒక్క తూటా ఇరుక్కుని ఉండిపోయినా లైసెన్సు లేకుండా అది ఆయుధాల చట్టం కింద కేసే, ఎయిర్‌పోర్టులో నాకు తెలియదంటే వినరు. ఖాళీ తూటా తొడుగు కూడా వద్దు, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. బాయినెట్ అక్కడే వదిలేయమనండి. మన ఆయుధాల నిబంధనల్లో కత్తులు, బాకులతో పాటు బాయినెట్ పేరు కూడా ఉంది, ఇంట్లో పండగ పూట ఈ గొడవ ఎందుకు.

ప్రశ్న: ఆటోనగర్‌లో అమెరికన్ స్టీల్ హెల్మెట్ అని ఒకటి చూపించారు. గుర్తుపట్టడం ఎలా? అసలు విజయవాడలో అమెరికన్ సామాను దొరుకుతుందా? (పటమట)

జవాబు: ఎం-1 హెల్మెట్ 1941లో మొదలైంది. ముందు అంచు లోపలి వైపు చిన్న అంకెలు గుద్ది ఉంటాయి, ఆ స్టీలు ఏ విడతలో పోసిందో చెప్పే నంబరు, పెయింట్ కింద ఉన్నా పక్క వెలుతురులో కనిపిస్తుంది. అంచు చుట్టూ ఉన్న పట్టీ అతుకు ఎక్కడ కలిసిందో చూడండి: ముందు కలిస్తే 1944 చివరికి ముందుది, వెనక కలిస్తే ఆ తర్వాతది. గడ్డం పట్టీ కొక్కేలు కదలకుండా అతికి ఉంటే 1943 చివరికి ముందుది, ఊగుతూ ఉంటే ఆ తర్వాతది. పట్టీ, లోపలి టోపీ తర్వాత మార్చి ఉండొచ్చు, వాటిని బట్టి తేల్చకండి. చాలా దేశాలు ఇదే ఆకారంలో చేసుకున్నాయి, అంకెలు లేకపోతే డబ్బులివ్వకండి.

ఇక దొరకడం సంగతి, ఆటోనగర్‌లో ఆర్మీ సామాను అని చూపించే వాటిలో ఎక్కువ శాతం మన సైన్యం డిస్పోజల్‌దే. 1962 చైనా యుద్ధం తర్వాత అమెరికా మన కొండ దళాలకి కొంత సామాను పంపింది, 1965 యుద్ధంతో అది ఆగిపోయింది, కాబట్టి అప్పుడప్పుడు ఏదో ఒకటి తగలొచ్చు. నాకైతే కొట్లలో కంటే అటకల మీదే ఎక్కువ దొరికాయి.

ప్రశ్న: మా నాన్నగారు విశాఖ పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. పోయే దాకా ఆయన తాళాల గుత్తికి బొటనవేలంత ఇనుప ముక్క ఒకటి ఉండేది, మడత విప్పితే చిన్న కొక్కెం లాంటి కత్తి. యు.ఎస్. షెల్బీ కో. అని ఉంది. ఇదేంటి? (అరండల్‌పేట, గుంటూరు)

జవాబు: మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అది అమెరికన్ సైనికుల డబ్బా మూత కోసే కత్తి, పి-38 అంటారు. 1942లో షికాగోలోని సైనిక ఆహార పరిశోధనశాలలో తయారు చేశారు, తిండి డబ్బాల పెట్టెలోనే వేసి పంపేవాళ్లు, 1980లలో డబ్బాలు పోయి ప్యాకెట్ తిండి వచ్చే దాకా వాడారు. ఎంతోమంది అమెరికన్ సైనికులు మీ నాన్నగారిలాగే తాళాల గుత్తికి తగిలించుకుని జీవితాంతం ఉంచుకున్నారు. పోర్టులో ఓడ మనుషులు ఎవరైనా ఇచ్చి ఉండొచ్చు, ఆయనతో పనిచేసినవాళ్లు ఉంటే అడిగి చూడండి.

తుప్పు గట్టిగా లేదు కాబట్టి ఇప్పటికీ పనిచేస్తుంది. మిల్క్‌మెయిడ్ డబ్బా తీసుకుని, పక్కనున్న గాడిని డబ్బా అంచుకి తగిలించి, కత్తి మొన లోపలికి దిగేలా మణికట్టు ముందుకి తిప్పండి, కొంచెం జరిపి మళ్లీ తిప్పండి. డబ్బా మీద ఒకసారి చేసి చూసి, కడిగి, పొడిగా తుడిచి, ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె మడత దగ్గర వేసి మళ్లీ ఆ గుత్తికే పెట్టేయండి. తాళాలు తీసేయకండి, అవి కూడా అలాగే ఉండనివ్వండి.